ఏ సంపుటంలోనూ పడని పాట

ఉమ్మడి ప్రాజెక్టు అన్న మాట వింటే నాకు ఇప్పటికీ నడుంనొప్పే గుర్తొస్తుంది. డెబ్బైల చివర్లో తిరుపతిలో పరిశోధన సహాయకురాలిగా చేరాను. సరిహద్దు ఊళ్ళలో ఆడవాళ్ళ పాటలు సేకరించడం మా పని. తెలుగు సంపుటం మా సారుది, తమిళ సంపుటం అవతలి రాష్ట్రం నుంచి వచ్చే సారుది. ఇద్దరికీ ఒకరంటే ఒకరికి మహా మర్యాద. టేపు రికార్డరు మోసేది మాత్రం నేను.

నగరి దగ్గర నేతపని వాళ్ళ ఊళ్ళో ఒక అవ్వ ఉండేది. పురుట్లో పోయిన కూతురి మీద తానే కట్టుకున్న ఏడుపుపాట ఆమెకు ఉందని విన్నాం. ఎన్నిసార్లు అడిగినా పాడనంది.

"సావు లేని ఇంట్లో ఆ పాట ఎత్తకూడదు పాపా. ఇంటికి కీడు."

చివరికి తనే దారి చెప్పింది. ఊరి బయట చేనుగట్టు మీద పాడుతుంది, పాడినాక తలకు నీళ్ళు పోసుకున్నాకే ఇంట్లోకి పోతుంది.

"నేను పోతే దీన్ని పాడేవాళ్ళు లేరు. బుక్కులో ఎక్కించు. నా బిడ్డ పేరు ఆడన్నా ఉండనీ" అంది.

కళ్ళు చెమ్మగిల్లకుండా మొత్తం పాడింది. ఒక పాదం తమిళంలో ఎత్తుకుంటే తర్వాతి పాదం తెలుగులో సాగేది. ఆ ఇళ్ళలో మాటలూ అంతే.

నేను టేపు వెనక్కీ ముందుకీ తిప్పుకుంటూ రాసి సారు ముందు పెట్టాను. "ఇది తమిళం కదమ్మా, వాళ్ళకివ్వు" అన్నారు. తమిళ సారు కళ్ళజోడు సర్దుకుని, తెలుగు కలిసింది గనక మీ సంపుటంలోనే అందం అన్నారు. రెండింట్లోనూ వేద్దామంటే వేసిందే వేసినట్టవుతుందన్నారు. ఎవరి పాదాలు వాళ్ళు పంచుకుందామా అని కూడా ఒక సమావేశంలో టీ తాగుతూ చర్చించారు. నాకు ఒళ్ళు మండింది. ఆ పాట అవ్వ కూతురిది, వాటాలేసి పంచుకునే పొలం కాదు అని గట్టిగానే అన్నాను. ఇద్దరూ నవ్వి వేరే పాట తీసుకున్నారు. ఏళ్ళు గడిచి, నా ఓపికంతా హరించుకుపోయాక, పుస్తకాలు రెండూ అచ్చయ్యాయి. పాట అవతలి పుస్తకంలో ఉందని ఇద్దరూ నిశ్చింతగా ఉన్నారు.

చెప్పాల్సిన మనిషికి నేనే చెప్పాలి కదా. రెండు పుస్తకాలూ సంచిలో వేసుకుని నగరి బస్సెక్కాను. అవ్వ రాట్నం ముందు కూర్చుని నూలు కండెలకు చుడుతోంది.

"నా బిడ్డ పాట సదువు."

"పడలేదవ్వా."

"రెండు బుక్కులుండాయి గదా. రెండిట్లోనూ లేదా?"

లేదన్నాను. ఎందుకు లేదో చెప్పబోతే నాకే సిగ్గేసింది. "నాకు మాత్రం నోటికొచ్చు" అన్నాను. విని విని, నిద్రలో లేపినా అప్పజెప్పేదాన్ని.

అవ్వ రాట్నం ఆపింది. "ఈడొద్దు. దా."

ఆ చేనుగట్టు మీదే నిలబడి పాడాను. నాది పాటల గొంతు కాదు. కూతురి పేరు వచ్చిన చోట అవ్వ కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చింది. తను పాడినరోజు ఏడవని మనిషి.

తిరిగొచ్చాక పెరట్లో తను తలకు పోసుకుని, నన్నూ కూర్చోబెట్టి పోసింది. కొంగుతో నా జుట్టు తుడుస్తూ, "మరిసిపోబాకు పాపా" అంది.

మరిచిపోలేదు. ఇంట్లో ఎప్పుడూ పాడలేదు.