దేవుణ్ణి పక్కన పెట్టిన పాఠం

నందికొట్కూరులో పెద్దవాళ్లకు చదువు చెప్పడానికి ఒప్పుకున్నప్పుడు నాకేమీ బెరుకు లేదు. ఏళ్ల తరబడి బడిపిల్లలతో గొంతు చించుకున్నదాన్ని, పెద్దవాళ్లు ఒక లెక్కా అనుకున్నాను.

క్లాసు శెట్టెమ్మగారి కొట్టు వెనక వరండాలో. మొదటిరోజు ఆమె ఇత్తడి పళ్లెంలో బియ్యం పోసి తెచ్చింది. "ఓం నమశ్శివాయ రాయించి మొదులుపెట్టు టీచరమ్మా, మంచిది" అంది. అందరూ సంబరంగా ముందుకు జరిగారు, ఒక్కామె తప్ప. బట్టలు కుట్టే ముస్లిం ఆమె చేతులు కొంగులో దాచుకుంది. కూతురు కడపలో కాలేజీ చదువుతోంది. ఒంటరిగా పోయి చూసి రావాలని ఆమె ఆశ. కర్నూలు బస్టాండులో బోర్డు చదవలేక ప్రతిసారీ ఎవరినో బతిమాలి వెంట తీసుకుపోతోంది.

"ఓం రాసినానని మా అత్తకు తెలిస్తే రేపట్నుంచి పంపియ్యదు మేడమ్" అంది నా చెవిలో.

నాది తొందర బుద్ధి. అక్కడికక్కడే తేల్చేశాను. ఓం లేదు, బిస్మిల్లా లేదు, పళ్లెం లోపల పెట్టండి, పలక మీద నేరుగా 'అ' రాద్దాం అన్నాను. ఎంత న్యాయంగా చేశానో అని నా భుజాలు నేనే చరుచుకున్నాను. శెట్టెమ్మ మూతి ముడుచుకుంది, సరే. ఎవరి కోసం ఇదంతా చేశానో ఆమె ముఖం కూడా ఎందుకు వాడిపోయింది? ఇంటికి పోయాక కూడా అదే ఆలోచన.

మర్నాడు ఆ బట్టలు కుట్టే ఆమె అత్త వచ్చింది. గడపలో నిలబడి నన్ను ఎగాదిగా చూసింది. అయిపోయింది, కోడల్ని మాన్పించడానికే వచ్చింది అనుకున్నాను.

"సదువు సెప్పేది నువ్వేనామ్మా? దేవుని పేరు లేకుండానే మొదులుపెట్టినావంటనే! అట్ల నేర్సింది తలకెక్కుతాదా?"

"అదే నేనూ అంటాండా!" అని శెట్టెమ్మ లోపలినుంచి అందుకుంది. ఇద్దరూ కలిసి నన్ను దులిపేశారు. నాకు ఒళ్లూ మండింది, నవ్వూ వచ్చింది.

"మరి ఏ దేవుని పేరు చెప్పమంటారు?"

"ఎవురి దేవుణ్ణి వాల్లు తలుసుకుంటారు. మద్దెన నీకేం బాద?" అంది ముసలామె.

శెట్టెమ్మ పళ్లెం తెచ్చింది. "ఇది మీకు ఫరవాలేదా?" అని అనుమానంగా అడిగాను.

"బియ్యం మేం తినమా యేంది?"

నేను బియ్యంలో 'అ' గీశాను. ముసలామె కోడలి వేలు పట్టుకుని, "బిస్మిల్లా" అంటూ దాని మీద దిద్దించింది. కోడలి కళ్లలో నీళ్లు తిరిగాయి. పక్కన శెట్టెమ్మ "ఓం" అనుకుంటూ తన వంతు కోసం వేలు చాపింది. కానీ అత్త పళ్లెం వదల్లేదు.

"సిన్నప్పుడు మా అన్నకు ఇట్లనే సేసినారు. మిఠాయి పంచినారు. నేను తలుపుకాడ నిలబడి సూసినా. ఇంగ నా ఏలు పట్టేకి పెద్దోల్లు యాడుండారు?"

కోడలు అత్త వేలు అందుకుంది. బిస్మిల్లా అని, తనకే ఇంకా సరిగా రాని 'అ'ను మెల్లగా దిద్దించింది.

"రేపు కూడా రావాల అత్తా" అంది.