కమాను వెనక కొస

నా చిన్నప్పుడు మా ఇంటి బండికి కమానులుండేవి అమ్మడూ. ముందు అలా రాయి. కమానంటే తెలుసుగా, విల్లులా వంచిన ఇనప పట్టీలు. ఒకదాని మీద ఒకటి పేర్చి బిగిస్తారు. ఇరుసు మీద అది కూర్చుంటుంది, దాని మీద బండి కూర్చుంటుంది. చక్రం రాయెక్కి దిగినా పైనున్నవాళ్ళ నడుం విరగదు. ఇప్పటి బస్సుల కింద ఉండేవీ అవే. ఆ రోజుల్లో మా చుట్టుపక్కల ఊళ్ళలో ఎడ్లబండికి కమానులున్నది మా తాతయ్యకే. రాజమండ్రిలో ఎవరో దొర పాత గుర్రబ్బండి అమ్మేస్తుంటే, బండి వదిలేసి కమానులు మాత్రం తెచ్చుకున్నాడట. గుర్రం లేని గుర్రబ్బండి ఏంటని ఊరంతా నవ్విందట. నవ్వినవాళ్ళే తరవాత పెళ్ళిళ్ళకి అరువడిగారులే.

మొన్న హాస్టలుకి బయల్దేరుతూ నువ్వొక మాటన్నావు. మళ్ళీ ఎప్పుడొస్తావని ఇంట్లో అందరూ అడుగుతారు, నువ్వొక్కదానివే అడగవేం మామ్మా అని. దానికి జవాబు ఆ బండి కిందుంది. కాస్త పొడుగ్గా ఉంటుంది, విసుక్కోకుండా రాయి.

మా నాన్నకి ఒక్క చెల్లెలు, మా అత్త. తాతయ్యకి ఆవిడంటే ప్రాణం. కోడిపెట్ట పిల్లని రెక్క కింద పెట్టుకున్నట్టు పెంచాడు. ఆవిడ తలలో నేను పేలు చూస్తుంటే కూడా నెప్పెడుతుందేమో నెమ్మదిగా చూడవే అనేవాడు. అత్తని ఇచ్చిన ఊరు దగ్గరిదే గానీ మధ్యలో ఉన్నదంతా రేగడి నేల. పడవ మీద కాలవలో వెళ్తే హాయి. పుంతలో బండి మీద వెళ్తే నరకం. పుంతంటే పొలాల మధ్య బండ్లు నడిచే దారి. అది ఎండితే గుంటలు, తడిస్తే అడుసు.

అత్తకి తొలికాన్పు. తొలికాన్పు పుట్టింట్లోనే జరగాలి కదా, ఏడో నెలలో తీసుకురావాలనుకున్నారు. ఎనిమిదో నెల వస్తే గర్భిణిని కదపకూడదు. సరిగ్గా అప్పుడే కాలవలు కట్టేశారు. ఎండాకాలం మరమ్మత్తుల కోసం ఏటా కట్టేస్తారు, పడవలన్నీ అడుగు బురదలో ఒరిగి పడుంటాయి. ఇక బండే గతి. అది చాలదన్నట్టు వైశాఖంలో ఎవరూ అనుకోని వానొకటి కురిసి పుంతని ముంచేసింది.

మా బండి కాలవగట్టు మీద నడవడానికి చేసింది, అడుగు నేలకి దగ్గరగా ఉండేది. పుంతలోకి దింపితే పొట్ట మట్టిలో దిగబడిపోతుంది. అందుకని తాతయ్య దాన్ని కమ్మరి పాకకి తోలుకెళ్ళాడు. నేనూ వెనకాలే వెళ్ళాను. ఇరుసుకీ కమానుకీ మధ్య తుమ్మ దిమ్మలు పెట్టి బండిని ఎత్తించాడు. అంతవరకు బాగానే ఉంది. ఎత్తయిన బండి కదా, చెయ్యి వేస్తే అటూ ఇటూ ఊగింది. తాతయ్య వంగి కిందకి చూశాడు. కమాను ముందు కొస బండి చట్రానికి మేకుతో బిగించి ఉంది. వెనక కొస మాత్రం ఒక చిన్న ఇనప లంకెకి వేలాడుతోంది, చెవికి లోలాకులాగ.

"ఇదిగో, ఊగేది ఇది. దీన్ని తీసేసి వెనక కొస కూడా చట్రానికే బిగించెయ్" అన్నాడు తాతయ్య.

కమ్మరి తల గోక్కున్నాడు. "ఆయ్, అలాగేనండి. కానండి, ఆ దొరలు దాన్ని ఊరికే వేలాడదీసుంటారంటారాండీ?"

"వాళ్ళ గుర్రాలు పరిగెడతాయి కాబట్టి వేలాడదీసుంటారు. మన ఎడ్లు పరిగెడతాయేంట్రా?"

"మన ఎడ్లు నడిస్తే అదే పదేలండి బాబూ" అని కమ్మరి నవ్వాడు. "నాకూ తెలీదండి. ఈ రకం కమాను నేను ముట్టుకోవడం ఇదే మొదలు."

"నా కూతురు వట్టిమనిషి కాదు. బండి ఊగకూడదు. బిగించు."

బిగించాడు. తాతయ్య చక్రం పట్టుకుని ఊపి చూశాడు. బండి రాయిలాగ నిలబడింది. ఆయన మొహంలో ఆ సంతోషం నాకిప్పటికీ కనపడుతుంది.

తాతయ్య, మా మామ్మ, బండి తోలడానికి మా నాన్న. మంచి పనికి ముగ్గురు బయల్దేరకూడదని నన్నూ ఎక్కించారు. వెళ్ళేటప్పుడు బండిలో బరువు లేదు, ఎలాగో వెళ్ళిపోయాం. మర్నాడు పొద్దున్నే బయల్దేరి తిరిగొస్తున్నాం. అత్తని మధ్యలో గడ్డి మీద బొంతలు పరిచి కూర్చోబెట్టారు. వాళ్ళత్తవారు పెట్టిన బియ్యం, బెల్లం, కొబ్బరికాయలు వెనకాల ఉన్నాయి. అత్త నా చెయ్యి తీసుకుని తన పొట్ట మీద పెట్టుకుంది. లోపల బిడ్డ తన్నింది. "నిన్ను పిలుస్తున్నాడే, ఆటకి రమ్మని" అంది.

పుంతకడ్డంగా ఒక బోదె ఉంది, చేలకి నీళ్ళు పారే చిన్న కాలవ. దాని గట్టెక్కి బండి దిగుతుంటే చక్రం గుంటలో పడింది. ఫెళ్ళున చప్పుడైంది. చెట్టుకొమ్మ విరిగిందనుకున్నాను. కొమ్మ కాదు. వెనక కొస బిగించిన చోట కమాను విరిగింది. దిమ్మల మీద ఎత్తుగా ఉన్న బండి ఒక పక్కకి ఒరిగి కూలింది. నేను బురదలో పడ్డాను, నాకేం కాలేదు. అత్త బండి పక్కబద్దకి కొట్టుకుంది. పొట్ట కొట్టుకుంది.

పలికే దిక్కు లేదు ఆ చేలల్లో. పక్కనే కాలవ ఉంది, నీళ్ళుంటే ఏదో ఒక పడవ వచ్చేది. నాన్న ఊళ్ళోకి పరిగెత్తాడు. తాతయ్య, మామ్మ కలిసి అత్తని చేలో ఉన్న పాకలోకి మోసుకెళ్ళారు. నన్ను ఎడ్ల దగ్గర ఉండమన్నారు. సాయంత్రానికి పురిటి మంత్రసాని వచ్చింది. అప్పటికే అంతా అయిపోయింది. మగపిల్లాడు. తాతయ్య తన పైపంచెలో చుట్టి, బోదె అవతల తనే చేతుల్తో గొయ్యి తీశాడు. ఆయన గోళ్ళలో రేగడి చాలా రోజులుంది.

ఊరు ఊరుకుంటుందా! కమ్మరి పనితనం అన్నారు కొందరు. వాణ్ణి ఊళ్ళోంచి తరమాలన్నారు. తాతయ్య వీధరుగు మీద నిలబడి, "వాడు అడిగాడు, నేనే బిగించమన్నాను. వాడి జోలికెళ్ళారంటే నా జోలికొచ్చినట్టే" అన్నాడు. ఆ తరవాత ఇంట్లోకెళ్ళి ఇక బయటికి రాలేదు. అత్తనీ రానివ్వలేదు.

అసలు బాధ అప్పుడు మొదలైంది. అత్త కోలుకుంది, తిరుగుతోంది, నాతో గవ్వలాడుతోంది. అత్త మొగుడు, మా మావయ్య, తీసుకెళ్ళడానికొచ్చాడు. పుంత ఆరనీ అన్నాడు తాతయ్య. పుంత ఆరింది. కాలవలో నీళ్ళు రానీ అన్నాడు. నీళ్ళొచ్చాయి. అమ్మో, నీళ్ళు మరీ ఎక్కువున్నాయన్నాడు. మావయ్య మంచివాడు, ఎన్నిసార్లని తిరుగుతాడు? చివరికి వాళ్ళమ్మ కబురంపింది. పిల్లని పంపకపోతే మా వాడికి ఇంకో సంబంధం చూసుకుంటాం అని. ఆ రోజుల్లో అది ఉత్తుత్తి బెదిరింపు కాదమ్మా. మొగుడొదిలేసిన ఆడదానికి పుట్టింట్లో వంటింటి మూలే దక్కేది. తాతయ్య బతికినన్నాళ్ళూ ముద్దుకూతురు, ఆ తరవాత అందరికీ బరువు. అత్తకది తెలుసు. మామ్మ తాతయ్య కాళ్ళ మీద పడి ఏడ్చినా పంపనంటే పంపనన్నాడు.

అత్త ఏడవలేదు. ఒక రోజు నన్ను వెంటబెట్టుకుని, తాతయ్యకి చెప్పకుండా కమ్మరి పాకకి వెళ్ళింది. విరిగిన బండి అక్కడే మూల పడుంది. కమ్మరి ఆవిణ్ణి చూసి లేచి నిలబడి తల దించుకున్నాడు.

"ఆ దిమ్మలు తీసెయ్. కమాను దొర కట్టినట్టే మళ్ళీ కట్టు" అంది అత్త.

"అమ్మగారూ, అయ్యగారు నన్ను..."

"నాన్నగారికి నేను చెప్పుకుంటాను. నువ్వు కొలిమి రాజెయ్యి."

అతను విరిగిన పట్టీ మార్చి, కమాను వెనక కొసని మళ్ళీ లంకెకి వేలాడదీసి, బండిని తనే మా వాకిట్లోకి తోలుకొచ్చాడు. చూడగానే తాతయ్య మొహం నల్లబడిపోయింది. లోపలికి వెళ్ళిపోబోతుంటే అత్త అడ్డంగా నిలబడి, నన్ను బండెక్కమంది. "దూకవే" అంది. నేను దూకాను. "నాన్నగారూ, ఆ వెనక కొస చూడండి."

తాతయ్య చూడనన్నాడు. అత్త ఊరుకోలేదు. ఆయన వంగాడు. నేను దూకినప్పుడల్లా వంపు తిరిగిన కమాను బరువుకి చదునయ్యేది. చదునైతే పొడుగవుతుంది కదా, ఆ పెరిగిన పొడుగు వెనక్కి పోవడానికి లంకె ఊగి చోటిచ్చేది. బరువు పోగానే మళ్ళీ తన చోటికి వచ్చేసేది. మళ్ళీ దూకు అన్నాడు తాతయ్య. మళ్ళీ అన్నాడు. నాకు ఆయాసం వచ్చినా ఆపమనలేదు. వేలు పెట్టి ఆ లంకెని తాకి, అది వెనక్కి వెళ్ళడం, రావడం చూస్తూ ఉండిపోయాడు. చివరికి అక్కడే మట్టిలో చతికిలబడ్డాడు.

"ముందు కొస మీరు గట్టిగా పట్టుకున్నారు నాన్నగారూ. నేనెక్కడికి పోతాను?" అంది అత్త. "కాస్త కదలనివ్వండి, అంతే."

ఆ వారంలోనే పంపాడు. అదే బండి, అదే పుంత. బోదె దగ్గర బండి దిగి, ఎడ్ల పగ్గాలు తనే పట్టుకుని దాటించాడట. అత్త ఆ గొయ్యి వైపు తిరిగి చూడలేదట.

కథ అక్కడ ఆగితే బాగుండేది. ఆగలేదమ్మా. తరవాత గోదారి పొంగింది, ఆ వరద వెనకాలే వాంతుల జాడ్యం, అదే కలరా, వచ్చింది. వాళ్ళ ఊళ్ళో చాలామంది పోయారు. అత్త కూడా. మళ్ళీ కడుపు పండలేదు గానీ, ఉన్నన్నాళ్ళూ తన ఇంట్లో, తన మొగుడి పక్కన ఉంది. వచ్చినప్పుడల్లా పకపకా నవ్వేది. కబురొచ్చిన రోజు మామ్మ గుండెలు బాదుకుంటూ, "పంపకుండా ఉంటే బతికేది, మీరే పంపేశారు" అని తాతయ్యని అంది. ఆయన లేచి బండి దగ్గరికి వెళ్ళాడు. ఆముదం గిన్నె తెప్పించుకుని ఆ లంకెకి రాశాడు. తుప్పు పట్టి బిగుసుకుపోకుండా, తను చనిపోయేదాకా రాస్తూనే ఉన్నాడు. నన్ను అత్తారింటికి పంపినప్పుడు కూడా రాసే ఎక్కించాడు. ఎప్పుడొస్తావని అడగలేదు. మేనత్త పోలికే అని గొణుక్కుంటూ బండి వెనకాల వీధి చివరిదాకా నడిచి, అక్కడ ఆగిపోయాడు.

అందుకే, నువ్వు బయల్దేరితే నేను గుమ్మం దాకానే వస్తాను. అడగాలనే ఉంటుంది అమ్మడూ, నోటి దాకా వస్తుంది. తాతయ్య వేలికున్న ఆముదం గుర్తొస్తుంది, మింగేస్తాను. ఇది కూడా రాసేశావా? సరే, ఉండనీ.