తనిఖీ నాటి చెప్పుల వరుస

మా దవాఖాన నాంపల్లి స్టేషన్ వెనక గల్లీలో ఉంది. ఒక ట్రస్టు వాళ్లు నడిపిస్తారు. ఒక డాక్టరమ్మ, ఒక ఆయమ్మ, నర్సుగా నేను. వచ్చేవాళ్లలో షుగరూ బీపీ ఉన్న ముసలివాళ్లే ఎక్కువ. నాకు కోపం ముక్కు మీదే ఉంటుందని వాళ్లందరికీ తెలుసు. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందని మా అమ్మ చర్చికి వెళ్లే దారిలో ప్రతి ఆదివారం చెప్పేది. నా నోరు మారలేదు, అయినా ఊరు నా దగ్గరికే వస్తూ ఉంది.

మొదటిసారి తనిఖీకి వచ్చిన మేడమ్ గదులన్నీ తిరిగి చూసింది. సూదులు, ఫ్రిజ్, చేతులు కడుక్కునే చోటు అన్నీ బాగున్నాయంది. తీరా వెళ్లబోతూ గుమ్మం దగ్గర ఆగిపోయింది. మా దగ్గర టోకెన్లు లేవు. పొద్దున్నే వచ్చినవాళ్లు తలుపు దగ్గర నుంచి గల్లీలోకి వరుసగా చెప్పులు విడిచి, ఎదురుగా ఉన్న జిరాక్స్ షాపు అరుగు మీద నీడలో కూర్చుంటారు. ఎవరి చెప్పులు ముందుంటే వాళ్లు ముందు లోపలికి. మోకాళ్ల నొప్పులవాళ్లు నిలబడలేరు కాబట్టి వాళ్ల బదులు చెప్పులు నిలబడతాయి. మేడమ్‌కు ఈ పద్ధతి నచ్చలేదు. "ఎవరైనా తట్టుకుని పడితే ఎవరిది బాధ్యత సిస్టర్?" అంది. నెల తర్వాత మళ్లీ వస్తామని, ఈలోపు సరిచేయమని చెప్పింది.

నాణ్యత సర్టిఫికెట్ వస్తే దవాఖాన ఇక్కడే ఉంటుందని, రాకపోతే ఖైరతాబాద్‌లోని పెద్ద క్లినిక్‌లో కలిపేస్తామని ట్రస్టు వాళ్లు తేల్చేశారు. నాకేం, బస్సెక్కి పోతాను. నా గుబులంతా గల్లీ చివర ఉండే అవ్వ గురించి. కర్ర పట్టుకుని ఇక్కడిదాకా రావడమే ఆమెకు గొప్ప. "ఖైరతాబాద్ దాక నేనేడ పోత సిస్టరమ్మా? గీడ దవాఖాన పోతే నా గోలీలు గూడ బంద్" అంది. ఆ పూట నాకు అన్నం సహించలేదు.

అబిడ్స్‌కు వెళ్లి ఇనుప చెప్పుల స్టాండు కొనుక్కొచ్చాం. తనిఖీ రోజు పొద్దున నేనూ ఆయమ్మా గచ్చు కడిగి, అరుగు మీదవాళ్లు కబుర్లలో ఉండగానే గుమ్మం ముందున్న చెప్పులన్నీ తీసి, జత తప్పకుండా, పెద్దవి కింద, చిన్నవి పైన స్టాండులో సర్దేశాం. డాక్టరమ్మ కూడా చూసి మెచ్చుకున్నారు. వరుస మొత్తం చెరిపేశామని ముగ్గురిలో ఒక్కరికీ తట్టలేదు. ఇల్లలకగానే పండగ కాదని ఊరికే అన్నారా?

తలుపు తీయగానే అరుగు మీద వాళ్లంతా ఒక్కసారిగా గుమ్మం మీద పడ్డారు.

"నా చెప్పులు మొదలుండె."

"గాదు, నీయి నా ఎనుక ఉండె."

"అసలు మా చెప్పులు ఎవరు కదిలిచ్చిన్రు?"

సరిగ్గా అప్పుడే మేడమ్ ఆటో దిగింది. భయమేస్తే నాకు ముందు వచ్చేది కోపమే. "నోర్లు మూసుకోండి అందరు. సంతల ఉన్నరా, దవాఖానల ఉన్నరా?" అని గల్లీ చివరికి వినిపించేలా అరిచాను. అరిచాక మేడమ్ మొహం చూశాను. ఇక మా పని అయిపోయిందనుకున్నాను.

అందరూ గుమ్మం నుంచి వెనక్కి జరిగారు. ముందుగా అవ్వే నోరు తెరిచింది. "మొదలు రబ్బరు చెప్పులుండె, గవి గీయనయి. గవాటెనుక తోలు చెప్పులు. గవాటెనుక నాయి." ఇక తలా ఒకరు తమ ముందున్న చెప్పుల్ని గుర్తుచేసుకున్నారు. కాసేపట్లో వరుస కుదిరింది, ఎవరి చోట వాళ్లు కూర్చున్నారు.

మేడమ్ వెళ్లి అవ్వ పక్కన కూర్చుంది. "ఈ దవాఖానలో మీకు ఇబ్బంది ఏమైనా ఉందా?" అని అడిగింది.

"గీ సిస్టరమ్మ నోరే. మస్తు తిడ్తది" అంది అవ్వ. నేను నేల చూపులు చూశాను. "గని ఒక్క వారం రాకుంటే ఇంటికొచ్చి మరీ తిడ్తది. ఖైరతాబాద్‌ల గట్ల ఇంటికొచ్చి తిట్టేటోళ్లు ఉంటరా?"

మేడమ్ నవ్వు ఆపుకోలేకపోయింది.

సర్టిఫికెట్ వచ్చింది. దవాఖాన ఇక్కడే ఉంటుందన్నారు. ఆ రోజు నేను మందుల గదిలోకి వెళ్లి తనివితీరా ఏడ్చాను. టోకెన్లు పెట్టమన్నారు, పెట్టాం. నర్సు రోగులతో మెల్లగా మాట్లాడాలని కూడా తనిఖీ రిపోర్టులో రాశారు. డాక్టరమ్మ ఆ ముక్క నాకు ప్రత్యేకంగా చదివి వినిపించారు. అంత సంతోషంలో ఏమడిగినా ఒప్పుకునేదాన్ని, సరేనన్నాను.

మరుసటి సోమవారం అవ్వ వచ్చింది. "రండి అవ్వా, కూసోండి. పానం మంచిగున్నదా?" అన్నాను, గొంతులో తేనె పోసుకుని.

ఆమె కూర్చోలేదు. నా మొహం వంకే చూస్తూ నిలబడింది. కళ్లలో నీళ్లు తిరిగాయి. "ఏంది బిడ్డా, గింత మెల్లగ మాట్లాడుతున్నవ్? దవాఖాన మూస్తున్నరా?"

నా మెల్లదనం అంతటితో సరి. "ఎవరు మూస్తరు? మూసేటోళ్లను నా ముందటికి రమ్మను. నువ్వు ఫస్ట్ కూసో. పొద్దుగాల గోలీ మింగినవా లేదా?" అని అరిచాను. లోపలి గదిలోంచి డాక్టరమ్మ దగ్గు వినిపించింది.

"ఔ, మింగిన" అంటూ అవ్వ హాయిగా కుర్చీలో కూలబడి, బీపీ చూడమని చెయ్యి చాపింది.