ఎడమ చెయ్యి ఎత్తండి

పళ్ళ డాక్టరమ్మకు పని చేసేటప్పుడు మాట్లాడే అలవాటు లేదు. వెనకటి ఊళ్ళో సొంత క్లినిక్ ఉన్న రోజుల్లో, నోరు తెరవమని కూడా నోటితో చెప్పేది కాదు. గడ్డం కింద వేలితో తాకేది, కుర్చీలో మనిషి తెరిచేవాడు. క్లినిక్ బస్టాండు పక్కనే ఉండడంతో దుమ్ము విపరీతం. అందుకని చెప్పులు గది బయటే విడవాలని నియమం పెట్టింది. దానివల్ల ఆమె అనుకోని ఒక సదుపాయం కలిగింది. వెనక్కి వాలిన మనిషి పాదాలు ఎదురుగా కనిపిస్తూ ఉండేవి. పళ్ళ కుర్చీలో మనుషులు ధైర్యం నటిస్తారు. కళ్ళు గట్టిగా మూసుకుంటారు, పిడికిళ్ళు ఒడిలో దాచుకుంటారు. కాలివేళ్ళ సంగతి ఎవరికీ గుర్తుండదు. డ్రిల్లు నరం దాకా పోతున్నదంటే ముందు బొటనవేలు పైకి లేస్తుంది, తర్వాత మిగతావి ముడుచుకుంటాయి. బొటనవేలు లేవగానే ఆమె చెయ్యి ఆగిపోయేది.

"ఆవిడ చేత్తో నొప్పే తెలీదండీ" అని ఊళ్ళో చెప్పుకునేవాళ్ళు. "మూగ డాక్టరమ్మ" అని కూడా అనేవాళ్ళు. రెండూ ఆమె చెవిన పడ్డాయి. మొదటిదానికి సంతోషించింది. రెండోదాన్ని పట్టించుకోలేదు.

కొత్త దేశంలో అందరూ బూట్లతోనే వచ్చి కుర్చీలో పడుకుంటారు.

ఇక్కడ ఆమె డాక్టరు కాదు. తనకంటే బాగా చిన్నదైన ఒక డాక్టరు దగ్గర సహాయకురాలు. గొట్టంతో లాలాజలం పీల్చడం, పనిముట్లు అందించడం, రోగి లేచి వెళ్ళాక కుర్చీ తుడవడం ఆమె పని. ఈ పనిని ఆమె తక్కువగా చూడలేదు. చిన్న డాక్టరు మంచిది, పనిమంతురాలు. అయినా, పీల్చే గొట్టం పట్టుకుని నిలబడి ఉన్నప్పుడు డాక్టరమ్మ చూపు అలవాటుగా పాదాల వైపు పోయేది. బురద అంటిన బూట్లు, ముడి వదులైన లేసులు కనిపించేవి. లోపల వేళ్ళు ఏం చేస్తున్నాయో ఎవరికి తెలుసు?

తన డిగ్రీ ఇక్కడ చెల్లాలంటే పరీక్ష పాసవ్వాలి. రాత పరీక్ష ఇట్టే అయిపోయింది. చేసి చూపించే పరీక్షకు రెండే అవకాశాలు. మొదటిది పోయింది. రెండోది కూడా పోతే మళ్ళీ కాలేజీలో చేరి మొదటి ఏడాది నుంచి చదవాలి. అంత ఓపిక తనకు లేదని ఆమెకు తెలుసు. ఇంట్లో ఎవరూ ఆ మాట పైకి అనలేదు.

మొదటిసారి పోవడం చేతి తప్పు కాదు. ఆ పరీక్షలో రోగి ఒక బొమ్మ తల. ఇనుప కడ్డీకి బిగించి, రబ్బరు బుగ్గలు తొడిగి, ప్లాస్టిక్ పళ్ళు అమర్చిన తల. దానికి మెడ కింద ఏమీ ఉండదు. ఆమె కూర్చుని పుచ్చు తొలిచి, శుభ్రంగా నింపి, లేచి వచ్చింది. పని బాగానే ఉందన్నారు. కానీ మొదటి నుంచి చివరి దాకా రోగితో ఒక్క మాటైనా మాట్లాడలేదట. ఏం చేయబోతున్నదీ చెప్పలేదు, నొప్పి ఉందా అని అడగలేదు. దానికి మార్కులు లేవు, పైగా ఆ భాగంలో తప్పితే మొత్తం తప్పినట్టే.

"బొమ్మతో ఏం మాట్లాడతారండీ!" అంది ఆ రోజు ఇంటికి వచ్చి.

"నేను లిఫ్టుతో మాట్లాడట్లేదా?" అన్నాడు భర్త. వెనకటి ఊళ్ళో ఆయన ఒక ఫ్యాక్టరీలో యంత్రాలన్నిటికీ పెద్ద. ఇక్కడ పనిముట్ల సంచీ భుజాన వేసుకుని లిఫ్టులు బాగుచేసే కుర్రాళ్ళ వెంట తిరుగుతున్నాడు. "తల్లీ, కదులమ్మా, ఈ ఒక్క అంతస్తూ ఎక్కమ్మా అంటాను. వింటుంది కూడా. ఏ దేశంలోనైనా అది పైకీ కిందికీ పోవడమేగా!"

"మీరు మనుషులతోనూ అంతే మాట్లాడతారు. నాకలా రాదు."

"మాట్లాడటం రానివాళ్ళుంటారటే?" అంది సోఫాలోంచి అత్తగారు. ఆవిడ నిద్రలో తప్ప నోరు మూసిన సందర్భాలు ఆ ఇంట్లో ఎవరికీ గుర్తులేవు. "రా, నా మీద నేర్చుకో. నన్నే బొమ్మనుకో."

"నువ్వు బొమ్మలా ఎలా ఉంటావే అమ్మా? మాట్లాడకూడదు," అన్నాడు కొడుకు.

"ఉంటాను. చూద్దువుగాని."

అలా మొదలైంది. రోజూ సాయంత్రం అత్తగారు సోఫా చేతి మీద తల ఆనించి పడుకునేది. చలికి మేజోళ్ళు వేసుకుని, దుప్పటి మెడ దాకా లాక్కునేది. కోడలు తల వెనక స్టూలు వేసుకుని కూర్చునేది. అద్దానికి బదులు చెంచా, డ్రిల్లుకు బదులు మూత పెట్టిన పెన్ను. డ్రిల్లు చప్పుడు భర్త చేసేవాడు. బడి నుంచి వచ్చిన కూతురు బల్ల దగ్గర కూర్చుని, అమ్మ ఈ దేశపు భాషలో చెప్పే వాక్యాలను సరిచేసేది.

"అమ్మా, నువ్వు అడుగుతున్నట్టు లేదు. బెదిరిస్తున్నట్టుంది."

"నీకు సంధ్య వేళ చదువు లేదా?"

"ఇదిగో, మళ్ళీ!"

మొదట్లో డాక్టరమ్మకు సిగ్గుగా ఉండేది. మాట నోటి దాకా వచ్చి ఆగేది. మాట మీద ధ్యాస పెడితే చెయ్యి ఆగేది, చేతి మీద ధ్యాస పెడితే మాట మాయమయ్యేది. అత్తగారు మాత్రం ఇచ్చిన మాట నిలబెట్టుకుంది. కదలకుండా, మెదలకుండా, కళ్ళు పైకప్పుకు అతికించి పడుకునేది. నోట్లోంచి చెంచా తీయగానే అంతసేపు ఆపుకున్నదంతా ఒకేసారి బయటికి వచ్చేది.

ఒక సాయంత్రం, పాఠం మధ్యలో ఆవిడ లేచి కూర్చుంది.

"ఏమే, నువ్వేదో అడుగుతావు, నేను ఉలకను పలకను. అసలు ఏమడుగుతున్నావు?"

"నొప్పిగా ఉంటే ఎడమ చెయ్యి ఎత్తమంటున్నానత్తయ్యా. నోరు తెరిచి ఉంటుందిగా, చెప్పలేరు. అందుకని చెయ్యి."

"మరి ఆ ముక్క నాకు తెలిసే భాషలో అడగాలి. అర్థం కాకుండా ఎలా ఎత్తను? నిజంగా బొమ్మననుకున్నావా?"

"సరే, పడుకోండి. రెండు భాషల్లోనూ అడుగుతాను."

ఆవిడ మళ్ళీ పడుకుంది. కోడలు ఎడమ చేత్తో పెదవి పక్కకు తీసి, చెంచా లోపల పెట్టి, పెన్ను ఆనించింది. భర్త డ్రిల్లులా జుయ్‌మన్నాడు.

"అత్తయ్యా, నొప్పిగా ఉందా? ఉంటే ఎడమ చెయ్యి ఎత్తండి."

దుప్పటి కింద నుంచి చెయ్యి బయటికి వచ్చి పైకి లేచింది.

కూతురు నవ్వింది. "నాయనమ్మ బాగా చేస్తోంది!"

"చాలు, దించండత్తయ్యా," అంది కోడలు కూడా నవ్వుతూ.

చెయ్యి దిగలేదు.

కోడలు చెంచా తీసేసింది. "నిజంగానా?"

అత్తగారు తల పక్కకు తిప్పుకుంది. "నిజమో ఆటో నాకేం తెలుసు? అడిగావు, ఎత్తాను."

"ఎక్కడ?"

"కింద. ఎడం పక్క. నాలుగు మాటలు మాట్లాడితే సర్దుకుంటుందిలే."

ఆవిడ కింది పళ్ళు కట్టుడు పళ్ళు. వెనకటి ఊళ్ళో కోడలు స్వయంగా అచ్చు తీసి చేసినవి. ఇప్పుడవి తీయించి, ఫోను దీపం వేసి లోపలికి చూసింది. చిగురు మీద ఎర్రగా ఒరిసిపోయి, మధ్యలో తెల్లగా పుండు కట్టి ఉంది. ఇవాళ్టిది కాదు. చిగురు కొంచెం తగ్గి, పళ్ళ అంచు లోపలికి దిగుతోంది.

"ఎన్నాళ్ళుగా?"

"వచ్చిన కొత్తల్లోంచే. చలికి అనుకున్నాను."

భర్త వంటగదిలోకి వెళ్ళి వేరుశనగ గుళ్ళ డబ్బా తెచ్చి ఊపాడు. నిండుగా ఉన్న డబ్బా గలగలమనలేదు. "ఇది తరగట్లేదేమిటా అనుకున్నాను. అమ్మకు వీటి మీద మోజు పోయిందనుకున్నాను."

డాక్టరమ్మ అత్తగారి పాదాల వైపు చూసింది. మందపాటి ఊలు మేజోళ్ళు. ఆవిడ ఈ ఇంట్లో అడుగు పెట్టిన నాటి నుంచీ వాటిని విప్పలేదు. రోజూ మూడు పూటలా ఎదురుగా కూర్చుని తింటున్న మనిషి. తాను కనిపెట్టలేదు. అడగనూ లేదు.

"రేపు మా క్లినిక్‌కి వెళదాం. చిన్న డాక్టరు అంచు కాస్త అరగదీస్తే సరిపోతుంది. నేను పక్కనే ఉంటాను."

"నువ్వే అరగదియ్యి."

"నాకిక్కడ వీల్లేదత్తయ్యా. పాసయ్యేదాకా ముట్టుకోకూడదు."

"అయితే పాసవ్వు. నువ్వు చేసిన పళ్ళు ఇంకొకళ్ళ చేతికి ఇచ్చి అరగదీయించుకుంటానా?"

కొడుకు చెప్పి చూశాడు. వినలేదు. తీసి ఉంచితే పుండు ఎలాగూ మానుతుంది కాబట్టి, డాక్టరమ్మ చివరికి ఒప్పుకుంది. కింది పళ్ళు నీళ్ళ గ్లాసులో వంటింటి కిటికీ దగ్గర చేరాయి. అత్తగారు మెత్తగా ఉడికిన అన్నం, పాలలో నానిన రొట్టె తింటూ, సకారాలు జారవిడుస్తూ మునుపటి కంటే ఎక్కువ మాట్లాడింది. ఆ సాయంత్రాల్లో కోడలికి మాట వెతుక్కోవలసిన పని లేకపోయింది. ప్రతి అడుగులోనూ అడిగేది. అడిగి, చెయ్యి వైపు చూసి, ఒక్క క్షణం ఆగేది. ఆగడమే ఇన్నాళ్ళూ తనకు తెలియని సంగతి అనిపించింది.

పరీక్ష గదిలో వరసగా బొమ్మ తలలు నోళ్ళు తెరుచుకుని ఉన్నాయి. ఒక్కో తల దగ్గర ఒక్కో డాక్టరు. అందరూ ఎక్కడెక్కడి నుంచో వచ్చినవాళ్ళే, అందరి మెడల మీదా చెమటే. డాక్టరమ్మ తన తలకు నమస్కారం చెప్పింది. ఏం చేయబోతున్నదో చెప్పింది. మత్తు సూది దోమ కుట్టినట్టు ఉంటుందని చెప్పింది. వెనక నిలబడ్డ పరీక్షకుడి పెన్ను కదులుతున్న చప్పుడు వినిపించింది.

తొలచడం మొదలయ్యాక పాత అలవాటు మెల్లగా కమ్ముకుంది. పుచ్చు లోతుగా ఉంది. చెయ్యి హాయిగా, మౌనంగా సాగింది. ఎంతసేపు సాగిందో తెలియదు. బాగా లోపలికి దిగాక కళ్ళు అలవాటు కొద్దీ పైకి లేచి పాదాల కోసం వెతికాయి. అక్కడ ఇనుప కడ్డీ, దాని వెనక గోడ.

ఆమె డ్రిల్లు ఆపింది.

"అత్తయ్యా, నొప్పిగా ఉందా? ఉంటే ఎడమ చెయ్యి ఎత్తండి," అంది.

గదిలో ఆ భాష తెలిసినవాళ్ళు ఇంకెవరూ లేరు. పక్క బల్ల దగ్గరి డాక్టరు తిరిగి చూశాడు. ఆమె చెవులు వేడెక్కాయి. అదే మాటను ఈ దేశపు భాషలో చెప్పింది. చెప్పి, లేని చెయ్యి ఉండవలసిన చోటుకు చూసి, ఒక్క క్షణం ఆగింది. తర్వాత పని కొనసాగించింది. ఇక చివరి దాకా మాట తెగలేదు.

అంతా అయ్యాక పరీక్షకుడు అడిగాడు, "మధ్యలో ఏదో అన్నారు. ఏమిటది?"

"తర్వాత అన్నదే. ముందు మా అత్తగారి భాషలో వచ్చేసింది."

ఆయన బొమ్మ వైపు చూశాడు. "ఏమైనా చెప్పిందా?"

"చెయ్యి ఎత్తలేదండీ."

ఆయన నవ్వలేదు గాని, ఏదో రాసుకున్నాడు.

ఫలితం వచ్చిన రోజు భర్త ఏదో ఆస్పత్రి లిఫ్టు పైన కూర్చుని ఉన్నాడు. ఫోనులో ఆమె చెప్పింది విని ఆయన వేసిన కేకకు కింద కుర్రాళ్ళు లిఫ్టు తెగిందనుకున్నారట.

లైసెన్సు చేతికి వచ్చాక చిన్న డాక్టరు తన క్లినిక్‌లోనే వెనక గది ఆమెకు ఇచ్చింది. కిటికీ చిన్నది, కుర్చీ పాతది. పెడల్ గట్టిగా తొక్కితే తప్ప పైకి లేవదు. డాక్టరమ్మకు ఆ పెడల్ ఇష్టమైంది. వెనకటి కుర్చీ కూడా అలాగే మొరాయించేది.

మొదటి రోజు, మొదటి మనిషి, పళ్ళ గ్లాసును చేతి సంచీలో నిలబెట్టి పట్టుకొచ్చిన అత్తగారు.

ఆవిడ తలుపు దగ్గర ఆగింది. గోడ పట్టుకుని బూట్లు విప్పింది. మేజోళ్ళు కూడా తీసి వాటిలో దోపి, గది బయట పక్కగా పెట్టింది.

"అత్తయ్యా, ఇక్కడ విప్పనక్కర్లేదు. నేల చల్లగా ఉంటుంది."

"నీ క్లినిక్‌లో ఎప్పుడైనా వేసుకుని వచ్చానా?"

ఆవిడ కుర్చీలో వాలింది. ఎదురుగా రెండు పాదాలు, పగిలిన మడమలు, కాస్త వంకర తిరిగిన బొటనవేళ్ళు. డాక్టరమ్మ ఒరిసే చోటు చూసుకుని, అంచు గుర్తు పెట్టుకుని, కొద్దికొద్దిగా అరగదీసి, పళ్ళు నోట్లో పెట్టి నొక్కింది. బొటనవేళ్ళు నిశ్చింతగా పడుకుని ఉన్నాయి.

"నొప్పిగా ఉందా అత్తయ్యా? ఉంటే ఎడమ చెయ్యి ఎత్తండి."

ఎడమ చెయ్యి లేచింది.

డాక్టరమ్మ గబుక్కున వేళ్ళు తీసేసింది. "ఎక్కడ?"

"నొప్పి కాదే. నోట్లో చెయ్యి పెట్టి ఉంచావు, నేనో మాట చెప్పాలి."

"చెప్పండి."

"సంచీలో వేరుశనగ గుళ్ళున్నాయి. ఇలా తే, ఇక్కడే కొరికి చూసి చెబుతాను."