శావుకారు మోకాలి పాట

ఆదోనిలో మా భజన మండలిలో పదకొండు మందిమి, అందరం ఆడవాళ్లమే. మండలిని నడిపే ఆమెను పెద్దమ్మా అని పిలిచేవాళ్లం. ఆమె పెట్టిన నియమం ఒకటే: తనకు చెప్పకుండా ఎవరూ బయట పాడకూడదు. ఎనభైల మొదట్లో మాలో ఇద్దరం ఆ నియమం దాటాం.

నేను బడిలో టీచరును. మాధవరంలో గుడి సేవ చేసుకునే ఇంట్లో పుట్టినదాన్ని, కీర్తనలు తప్ప వేరే పాట ఎరగను. రెండో ఆమె పత్తి వ్యాపారుల కోడలు, నాకన్నా ఆరేళ్లు చిన్న. మండలిలో పక్కపక్కనే కూర్చునేవాళ్లం. ఆమె ఎత్తుకుంటే నేను అందుకునేదాన్ని.

వాళ్లింటి వెనకే పత్తి నుంచి గింజ వేరుచేసే వాళ్ల జిన్నింగ్ మిల్లు. ఆవరణలో ఆడవాళ్లు వరుసగా కూర్చుని పత్తిలో ఆకూ నలుసూ ఏరుతూ పాడేవారు. ఒక మధ్యాహ్నం ఆమె నన్ను మిద్దె మీదికి తీసుకుపోయి ఆ పాటలు వినిపించింది. ఆమె భర్త ఆస్పరి వైపు పత్తి కొనడానికి తిరుగుతుండేవాడు. అత్త లేదు. మామగారు పగలంతా అంగట్లో ఉండేవాడు. ఆ వేసవి సెలవుల్లో మేం కిందికి దిగి, వాళ్లలో పెద్దదైన ఒక ముసలామె దగ్గర ఆరు పాటలు నేర్చుకున్నాం. మొదట ఆమె ఒప్పుకోలేదు. శావుకారు ఇంటి కోడలు పాట అడగడం ఏదో వలలా తోచిందామెకు. నాలుగో రోజు గానీ నోరు విప్పలేదు.

వాటిని కేసెట్టుగా చేయించాలన్నది ఆ కోడలి ఆలోచనే. ఎమ్మిగనూరులో పెళ్లిళ్లకు మైకుసెట్లు అద్దెకిచ్చే ఒకాయన రికార్డింగు కూడా చేసేవాడు. చీరలు చూసొస్తామని ఇళ్లల్లో చెప్పి పొద్దున బస్సెక్కాం. బస్సులో తెలిసినవాళ్లు ఎక్కుతారేమోనని ఆగిన ప్రతిచోటా నా చూపు తలుపు మీదే ఉంది.

ఆయన గదికి ఆనుకునే నేతవాళ్ల ఇల్లు. మగ్గం చప్పుడు గోడలోంచి వస్తోంది. ఆయన పోయి బతిమాలి వచ్చి, ముప్పావు గంట ఆపుతారని చెప్పాడు. ఆ ముప్పావు గంటలో ఆరు పాటలూ కావాలి. తప్పు పాడితే మళ్లీ పాడే వీలు లేదు. ఐదు పాటలు ఎట్లాగో పాడేశాం. ఆరో పాటలో ఒక చరణం ఉంది:

పరుపు మీద శావుకారుకు మోకాలి నొప్పంట,
వంగినోళ్ల నడుము నొప్పి ఎవరికెరుకంట.

మోకాలి నొప్పితో కుంటుతూ నడిచే శావుకారు ఆమె మామగారే. ఆ చరణం వదిలేద్దామని నేను బస్సులోనే అన్నాను. ఆమె కిటికీలోంచి బయటికి చూసింది. ఒప్పుకుందనుకున్నాను. తీరా ఇక్కడికొచ్చాక పాడదామంది.

"వద్దు. మీ ఇంట్లో తెలిస్తే నీ గతేమి?" అన్నాను.

"ఆ ముసలాయమ్మ ఈ పాట ఇచ్చింది ఆ మాట కోసమే అక్కా. అది తీసేసి పాడితే మనం దొంగిలించినట్ల అయితుంది" అంది.

గోడ అవతల ఎవరో మగ్గం మీద కూర్చున్న అలికిడి. రికార్డింగాయన త్వరగా కానివ్వమని చెయ్యి ఊపాడు. మొదలుపెట్టాం. ఆ చరణం వచ్చేసరికి నా నోరు మూతపడింది. ఆమె ఒక్కతే పాడింది. తర్వాతి చరణంలో నేను కలిశాను.

కాపీలు తీసి అంగళ్లకు అమ్మే ఆయనతో, కేసెట్టు మీద మా పేర్లు వేయొద్దన్నాం. పేర్లు లేకపోతే ఎవరూ గుర్తుపట్టరని మా ధీమా. మండలి పాటలు వినని ఇల్లు మా పేటలో లేదన్న సంగతి తట్టలేదు. మూడు వారాలు తిరక్కుండానే మార్కెట్ యార్డు పక్క టీ హోటల్లో, ఎమ్మిగనూరు అని రాసున్న ఆ కేసెట్టు మోగింది. ఆ శనివారం పెద్దమ్మ నన్ను తన పక్కకు పిలిచి, అందరి ముందూ మెల్లగా అడిగింది, తనకు తెలియకుండా ఎమ్మిగనూరికి ఎందుకు పోయినారని. ఇక రావద్దంది. శావుకారు కోడలు మాత్రం ఆ రోజు రానే లేదు.

మర్నాడు వాళ్లింటినుంచి నాకు పిలుపొచ్చింది. నడవలో మామగారు కాలు చాపుకుని కూర్చుని ఉన్నాడు. ఎదురుగా టేప్ రికార్డరు. ఆమె గుమ్మం పక్కన నిలబడి ఉంది. ఆయన మమ్మల్ని కూర్చోమనకుండా ఆరో పాట పెట్టాడు. ఆ చరణం అయిపోగానే ఆపాడు.

"ఈడ ఒక గొంతే ఉంది. ఎవురిది?"

"నాది మామా" అంది ఆమె.

నేనూ నేర్చుకున్నాను, పాటలు పుస్తకంలో రాసుకున్నది నేనే అని చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది. ఆయన అప్పటికే రెండో ప్రశ్న అడిగాడు.

"ఎవురు నేర్పినారు?"

మేం భయపడింది ఈ ప్రశ్నకే. వెనక ఆవరణలో ఆ ముసలామె పత్తి ఏరుతూనే ఉంది. కోడలు నా వైపు చూడకుండా, "నేనే కట్టినాను" అంది.

ఆయన మోకాలు రుద్దుకున్నాడు.

"ఈ పాట నేను పదేండ్లుగా వింటాండానమ్మా," అన్నాడు. "వాళ్లు పాడుకుంటే నాకేం బాధ లేదు. నా ఇంటి కోడలు పాడితే బజారంతా నా మొకం చూస్తాంది."

అంతకు మించి తిట్టలేదు. ఆ ముసలామెను పనిలోంచి తీసేస్తాడని రెండు నెలలు భయపడ్డాం. తీయలేదు. కానీ కోడలు మండలికి పోవడం ఆగిపోయింది. ఆవరణవైపు తలుపుకు తాళం పడింది. నేను వెళితే మజ్జిగ ఇచ్చి, ఆమెకు పనుందని చెప్పి పంపేవారు.

మళ్లీ పత్తి వచ్చే కాలానికి పెద్దమ్మే స్వయంగా ఆ ఇంటికి పోయి మామగారిని అడిగింది. మొదటి గొంతు లేక మండలి నిలబడటం లేదని చెప్పిందట. ఆయన ఒప్పుకున్నాడు. నేను వస్తేనే తానూ వస్తానని కోడలు పెద్దమ్మకు షరతు పెట్టినట్లు నాకు తర్వాత తెలిసింది.

మొదటి శనివారం భజన అయ్యాక ఇద్దరం కలిసి నడిచాం. ఎమ్మిగనూరులో ఆ చరణం తనతో కలిసి పాడకపోవడం నా తప్పేనని చెప్పాను.

"ఆ పొద్దు కోపమొచ్చింది అక్కా. చానా రోజులు ఉండె," అంది. "ఇప్పుడు ఉందో లేదో నాకే తెలీదు."

వాళ్ల ఇల్లు రాగానే చెప్పుల దుమ్ము విదిలించి, వచ్చే వారం త్వరగా రమ్మని చెప్పి లోపలికి వెళ్లింది.