‘మూలం’ అంటే ఊరుకోని మాస్టారు

శనివారం పొద్దున్న మొదటి గంట ఇంకా కొట్టలేదు. మా కాలేజీ అటెండరు స్టాఫ్ రూము గుమ్మంలో నిలబడి, “కృపానందం మాస్టారు పోయేరండి” అన్నాడు. నాకు చదువు చెప్పిన గురువు, ఆ తరువాత అదే గదిలో పక్క కుర్చీలో కూర్చున్న సహోద్యోగి, ఆంగ్లభాషాబోధనకే జీవితాన్ని ధారపోసిన ఆ సౌజన్యమూర్తి ఇక లేరన్న మాట బుర్రకెక్కడానికి చాలాసేపు పట్టింది. ముందురోజు సాయంత్రమే అమలాపురం బజారులో ఎదురై, “ఏవోయ్, అలా చిక్కిపోయేవు? అన్నం తింటన్నావా లేదా?” అని నన్ను మందలించిన మనిషి! ఈ మధ్య పోయిన ఆప్తుల మీద నాలుగు మాటలు రాయమని ఎవరో ఒకరు అడుగుతూనే ఉన్నారు. రాసి రాసి విసుగొచ్చింది. ఈ ఒక్కటి నాకంటే చిన్నవాళ్ళెవరైనా రాస్తే బాగుండును.

మేము వెళ్ళేసరికి మాస్టారి ఇంటి ముందు ఒక పెద్ద చిక్కు తెగకుండా ఉంది. ఆయన్ని ఎక్కడ సమాధి చేయాలి? కొత్తపేట అవతల గోదావరి పాయలో ఉన్న చిన్న లంకలో, తల్లి పక్కన తనను ఉంచమని ఆయన భార్య సుగుణమ్మగారికి ఏనాడో చెప్పి ఉన్నారు. ఆ లంక ఏటేటా కోతకు గురై నదిలో కలిసిపోతోంది. ఊరు పోయింది, జనం ఇవతలి గట్టు మీదికి వచ్చేశారు, శ్మశానంలో కొంత భాగం మాత్రం మిగిలింది. కబురందుకుని తొలి బస్సుకే వచ్చిన తమ్ముడి వరస అబ్రహాం, రేవులో నావ సిద్ధంగా ఉందని చెబుతున్నాడు. సుగుణమ్మగారు ససేమిరా అంటున్నారు.

“మొన్న వరదకి అక్కడ సగం సమాధులు పోయేయి. తెలిసి తెలిసి ఈయన్ని తీసుకెళ్ళి గోదాట్లో కలపనా? ఈ ఊళ్ళో అయితే ఆదివారం ఆదివారం వెళ్ళి కాసేపు కూర్చుంటాను” అన్నారావిడ.

“అన్నగారి మాట కదండీ వదినగారూ” అని మాత్రం అని, అబ్రహాం తల వంచుకున్నాడు. బిడ్డలు లేని ఇల్లు. ఆవిడకు మిగిలేది ఆ సమాధి ఒక్కటే. ఎవరి వైపు మాట్లాడాలో తోచక మేము వీధరుగు మీద కూలబడ్డాం. అక్కడ కూర్చున్నంతసేపూ నా మనసు ఆయన శనివారాల చుట్టూనే తిరిగింది.

శనివారం ఆఖరి పీరియడును మాస్టారు ‘నూర్పిడి’ అనేవారు. బోర్డు మీద ఒక్క ఇంగ్లీషు మాట రాసేవారు. దానికి తెలుగు మాటలు ఇంటి దగ్గర అడిగి తేవాలి. ఎవరి నోట విన్నావో కూడా చెప్పాలి. పుస్తకంలో చూశానంటే ఒప్పుకునేవారు కాదు. “పుస్తకం నాకూ ఉందోయ్. మీ నాయనమ్మ నా దగ్గర లేదు కదా!” అనేవారు.

నేను విద్యార్థిగా ఉన్న ఏడు వచ్చిన మాట ‘ఆరిజిన్’. అందరం ఏకకంఠంతో “మూలం” అని చేతులు దులుపుకున్నాం. “మూలం అంటే పరీక్ష పాసవుతారు. మాట మాత్రం రాదు. దేనికి మూలం? ఎవరికి మూలం?” అన్నారు. మరుసటి వారానికి బోర్డు నిండింది. కొబ్బరితోటల కుర్రాడు “మొదలు” తెచ్చాడు. ఒకడు “ఊట” అన్నాడు, ఒకడు “వేరు” అన్నాడు. పురోహితుల అబ్బాయి “ఉద్భవం, ఆది” అని గంభీరంగా పలికాడు. ముమ్మిడివరం కుర్రాడు లేచి, “బొడ్డు కోసిన చోటండీ, మా నాయనమ్మ అంటది” అన్నాడు. క్లాసంతా నవ్వింది. మాస్టారు నవ్వకుండా దాన్ని అన్నిటికంటే పైన రాశారు.

తరువాత ఇంగ్లీషులో దాని చుట్టాలను పిలిచారు. “సోర్సు వేరు, ఆరిజిన్ వేరు. సోర్సు అంటే ఇవాళ్టికీ ఇస్తా ఉండేది. అది ఎండిపోవచ్చు. ఆరిజిన్ అంటే ఒకసారి జరిగిపోయింది, దాన్ని ఇక ఎవడూ లాక్కోలేడు” అన్నారు. ఇన్నేళ్ళు నేనూ అదే పాఠం చెప్పాను. అంత తేటగా చెప్పడం నాకు చేతకాలేదు.

ఆ రోజే ఆయన గోదావరి ఆరిజిన్ ఎక్కడో చెప్పమని అడిగితే, శివారు ఆయకట్టు రైతు కొడుకొకడు “ధవళేశ్వరంలోనండీ” అన్నాడు. మా సీమలో ఆ పొరపాటు చేయని వాడు లేడు. ఆనకట్ట దగ్గర తలుపులెత్తితేనే మా కాలువల్లో నీళ్ళు, తలుపులెత్తారన్న కబురు వస్తేనే నారుమళ్ళు. నాసిక్ సంగతి మాకెందుకు? “తప్పేనోయ్, పరీక్షలో రాయకు. కానీ మీ నాన్న చేలో నీళ్ళకి పుట్టిల్లు అదే. నువ్వు అబద్ధం చెప్పలేదు” అని మాస్టారు వాడి భుజం తట్టారు.

నూర్పిడిలో తాలు కూడా వస్తుంది. అల్లవరం దగ్గర వేటకు వెళ్ళే వాళ్ళ ఇంటి నుంచి వచ్చిన అమ్మాయి, “పుట్టుక అంటారండీ. అది మమ్మల్ని తిట్టేటప్పుడు వాడే మాటండీ” అంది. మాస్టారు ఆ మాటను బోర్డు మీద రాసి సుద్దముక్క కింద పెట్టారు. “ఇదీ అర్థమే. డిక్షనరీలో లేదని లేదనుకోకండి. నాకూ చిన్నప్పుడు ఈ అర్థంతోనే తెలుసు” అన్నారు. ఆ ఒక్క రోజే ఆయన గంట కొట్టకముందు క్లాసు వదిలేయడం చూశాను.

ఒకసారి కాలేజీ వార్షికోత్సవంలో పెద్ద భూస్వామి ఒకాయన, కులం తెలుసుకోవాలన్న ఆత్రాన్ని మర్యాదలో చుట్టి, “మాస్టారూ, తమరి మూలాలు ఎక్కడండీ?” అని అడిగారు. మాస్టారు కాఫీ తాగుతూ, “మా నాన్న మీ తాతగారి లంక పొలంలో పాలేరండీ. ఆ పాకలోనే పుట్టేన్నేను. ఇప్పుడా పాకా లేదు, ఆ పొలమూ లేదు. మీ మూలం, నా మూలం రెండూ గోదాట్లోనే ఉన్నాయండీ” అన్నారు. ఆ భూస్వామికి నవ్వాలో కోప్పడాలో తెలియలేదు. “ఆయ్, ఆయ్” అనుకుంటూ పక్కకు తప్పుకున్నారు.

తరువాత గైడులు వచ్చాయి. టైంటేబులులో నూర్పిడి పోయింది. రిటైరవడానికి ముందు ఒకనాడు జవాబుపత్రాల కట్ట పక్కన పెట్టి, “అందరూ ‘మూలం’ అని రాసేసి పోతన్నారోయ్. నాకూ ఓపిక లేదు, మార్కు వేసేస్తన్నాను” అన్నారు. ఆ మాటలోని అలసట నాకు అప్పుడు అర్థం కాలేదు. ఇప్పుడు బాగా అర్థమవుతోంది. నేనూ వేసేస్తున్నాను.

ఎండ అరుగు మీదికి వచ్చింది. సుగుణమ్మగారు తలెత్తి, “అబ్రహాం, అత్తయ్యగారి సమాధి ఇంకా ఉందా?” అని అడిగారు.

“ఆయ్, ఉందండి. అంచుకొచ్చేసింది. ఈ ఏటికి ఉంటదండి. వచ్చే వరదకి చెప్పలేవండి.”

ఆవిడ కొంగుతో మొహం తుడుచుకున్నారు. “ఇన్నేళ్ళూ నా దగ్గరే ఉన్నారు. వాళ్ళమ్మ దగ్గర ఉండాలన్నారు. పదండి” అన్నారు. నాకు ఏడుపు ఆగలేదు.

నావ మీద దాటించాం. పాస్టరుగారు ప్రార్థన చేస్తుండగా కూడా ఎక్కడో ఒడ్డు విరిగి నీళ్ళలో పడుతున్న చప్పుడు వినిపించింది. తల్లి సమాధికి ఆనించి గొయ్యి తీశారు. సిమెంటు గానీ రాయి గానీ వద్దన్నారు సుగుణమ్మగారు. గతించినవారి లోటు తీరనిదని అందరి విషయంలోనూ ఆనవాయితీగా రాసేస్తాం. ఆయన అడిగినట్టు ‘దేనికి? ఎవరికి?’ అని నన్ను అడిగేవారు ఇక లేరు. ఆ ఆచార్యునికి ఈ అలసిన శిష్యుడు సమర్పించగల అంజలి ఇంతే.

అందరం నావ ఎక్కాం. సుగుణమ్మగారు ఆఖరున వచ్చారు. నావలో కాలు పెట్టబోయి వెనక్కి తిరిగి, చర్చికో బజారుకో బయలుదేరేటప్పుడు రోజూ ఆయనకు చెప్పినట్టే, “వెళ్ళొస్తానండీ” అన్నారు.