ఆళ్లగడ్డలో బావకు కాపలా

క్రిస్మస్‌కు మూడు రోజుల ముందు, ఉదయం తొమ్మిది దాటాక వినుకొండలో నంద్యాల రైలెక్కాను. పండక్కి ఆళ్లగడ్డలో అక్క ఇంటికి వెళ్లడం కొత్త కాదు, ఈసారి పిలుపే వేరు. బావ రిటైరైన మాస్టారు. కంట్లో శుక్లం ముదిరి అక్షరం కనపడడం లేదు. సుగరు దిగితేనే ఆపరేషన్ అని నంద్యాల డాక్టరు ఇప్పటికే ఒకసారి వాయిదా వేశాడు. నెలాఖరులో మళ్లీ రమ్మన్నాడు. ఈలోపు పండగ! "మీ బావ నా మాట ఇనేటట్టు లేడు మే. నువ్వొస్తే మరదలి ముందర సిగ్గుకన్నా నడుస్తాడు," అంది అక్క ఫోనులో. ఇంకొకరిని బాగుచేసే పని అప్పగిస్తే నేనెప్పుడూ కాదనను.

గిద్దలూరు దాటాక నల్లమల మొదలవుతుంది. వెళ్లేవాళ్లు కిటికీ సీటు చూసుకోండి. నంద్యాలలో దిగేసరికి మధ్యాహ్నం ఒంటిగంటన్నర. బస్టాండు దగ్గర చిన్న హోటల్లో రెండు జొన్నరొట్టెలు, వంకాయ కూర, వేరుశనగ పొడి. కడుపు నిండింది, పర్సు తేలికపడలేదు. ఆళ్లగడ్డ బస్సులో ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్లకు టికెట్ ఉచితం. దారి పొడుగునా నల్లరేగడిలో పచ్చటి శనగచేలు.

పక్క సీటులో కూర్చున్నామెది గోస్పాడు అనే పల్లె. "యాడికి పోతాండావ్ మా?" అని అడిగి, నా పని విని నవ్వింది. "పండగ నాలుగు దినాలు సుగరుకూ సెలవియ్యండి. పాపం, అది మాత్రం ఏం జేసింది?"

మర్నాడు ఆరున్నరకు బావ నాకంటే ముందే మఫ్లర్ చుట్టుకుని గుమ్మంలో నిలబడ్డాడు. అక్క అనవసరంగా చాడీలు చెప్పిందనుకున్నాను. గంటకు పైగా నడిచాం. అయితే నడిచింది చర్చి వీధిలో. ప్రతి గుమ్మానికీ ఒక నక్షత్రం, ప్రతి గుమ్మంలోంచీ "రా సారూ, ఒక్క ముక్క" అని పిలుపు. బావ సగం ఊరికి చదువు చెప్పినవాడు. ఒకరింట్లో కేకు, ఒకరింట్లో కజ్జికాయ, ఇంకొకరింట్లో పాకం లాంటి టీ. ఇంటికి రాగానే అక్క సుగరు మిషన్ తెచ్చి బావ వేలు గుచ్చి చూసింది. ముందురోజు కంటే ఎక్కువ!

"నడిచినా గదా!" అన్నాడు బావ, మోసపోయినవాడిలా.

"నడిచింది కాళ్లు. ఆడింది నోరు," అంది అక్క.

ఆ సాయంత్రం ముగ్గురం కూర్చుని పెద్ద ఒట్లేం పెట్టుకోలేదు. రాత్రి అన్నానికి బదులు రొట్టె. తిన్న వెంటనే మంచమెక్కకుండా కాసేపు నడక, అదీ వీధిలో కాదు, ఊరి బయట కాలువ గట్టు మీద. పొరుగిళ్ల నుంచి పిండివంటలతో వచ్చిన పళ్లేన్ని ఖాళీగా తిప్పి పంపకూడదు కదా, అందులో అక్క అరిసెలు మానేసి ఉడకబెట్టిన ఉలవలు పంపడం మొదలుపెట్టింది. "ఏందక్కా, మాకు పెడతాండావా, గుర్రానికా?" అంది పక్కింటామె. ఉలవలు మాత్రం మిగల్చలేదు.

ఇక మిగిలింది పలకరింపులు. పండగపూట పెద్దమనిషి ఇంటికొచ్చి నోరు తీపి చేసుకోకపోతే ఆ ఇంటిని తక్కువ చేసినట్టే. సుగరుందని చెప్పమంటే బావ ఒప్పుకోడు. "పండగ పూట రోగం మాటేందీ, బాగుండదు." ఆ మొహమాటానికి మందు నేనే కనిపెట్టాను. "సార్ వాటా నాకెయ్యండి" అని పళ్లెం నా వైపు లాక్కునేదాన్ని. ఇల్లాళ్లు సంతోషించారు, బావ బతికిపోయాడు. నాకూ కష్టమనిపించలేదు, అబద్ధమెందుకు.

క్రిస్మస్ ఆరాధనలో ఏటా వాక్యం చదివేది బావే. ఈసారి వేరే పెద్దాయన చదివాడు. బావ వెనక వరుసలో కూర్చుని, నోటికొచ్చిన ఆ భాగాన్ని చప్పుడు లేకుండా పెదవులతో చదువుకున్నాడు. ఆ మధ్యాహ్నం బిర్యానీ తర్వాత ఎవరూ చెప్పకుండానే ఆయన చెప్పులు వేసుకుని కాలువ గట్టుకు బయల్దేరాడు.

డిసెంబరు ముప్పయ్యిన పరగడుపున, మొదటి బస్సుకు బావా నేనూ నంద్యాల వెళ్లాం. అట్నుంచి అటే ఊరికి వెళ్లేలా నా సంచి సర్దుకున్నాను. కంటి ఆసుపత్రిలో రక్తం తీసి చూశారు. సుగరు దిగింది. వచ్చే వారం ఆపరేషన్ అన్నారు. బావ నా చెయ్యి పట్టుకుని నవ్వాడు, కళ్లలో నీళ్లు. నాకూ తిరిగాయి. "నువ్వూ చూపించుకోరాదా మే, ఊరికే," అన్నాడు.

ఊరికే వేలు చాపాను. నర్సమ్మ మిషన్ చూసి, "మీరు ఏ మాత్ర వాడుతాండారమ్మా?" అంది.

"నాకేం లేదు."

"ఉంది. ఊరికి పోయినాక తొందరగా డాక్టరు దగ్గర చూపించుకోండి."

బావ నవ్వు ఆగిపోయింది. స్టేషన్ దాకా వచ్చి, తన సంచిలోని రొట్టెలు నాకిచ్చాడు. రైలు కదిలాక నాకు భయమేసింది.

గిద్దలూరులో ఒక ముసలామె ఎక్కి ఎదురుగా కూర్చుంది. కాసేపటికి డబ్బా తెరిచి, "తీసుకో మా, అరిసె," అని చాపింది. చెయ్యి సగం దాకా వెళ్లింది. నా వాటా లాక్కునేవాళ్లు పక్కన లేరు.

"నాకు సుగరు, అవ్వా," అన్నాను.

"అట్లనా," అని ఆమె మూత పెట్టేసి, సంచిలో వెతికి జామకాయ తీసిచ్చింది. కోపం లేదు, చిన్నబుచ్చుకోనూ లేదు. ఇంత చిన్నమాటను బావా నేనూ వారం రోజులు మింగుతూ వచ్చాం, దానితోపాటు ఊరందరి తీపీ.